మిసెస్ ఫెన్విక్ చెప్పని మాట

సెప్టెంబర్ 3

అమర్ ఆఫీసు వాళ్లు ఆగస్టు ఆఖర్లో నోటిమాటగా అన్నది ఇవాళ కాగితం మీదకి వచ్చింది. ప్రాజెక్టు అయిపోయింది. నవంబర్ చివరికి మేం దోహా వదిలి కాకినాడ వెళ్లిపోవాలి. అమర్ కాగితం మడిచి భోజనాల బల్ల మీద పెట్టి, శివకుమారికి ఎప్పుడు చెబుతావని అడిగాడు. చెబుతానన్నాను.

అత్తయ్యకి తుంటి ఎముక ఆపరేషనై నెల కూడా కాలేదు. ఆవిడని పక్క మీంచి లేపి, వాకర్ పట్టించి, స్నానం చేయించి, అన్నం తినిపించేదంతా శివకుమారే. నేను పట్టుకుంటే ఆవిడ కొయ్యలా బిగుసుకుపోతారు. ఇప్పుడే చెబితే శివకుమారి పనికి ఇంకో ఇల్లు చూసుకుంటుంది. ఈ దేశంలో ఇప్పుడు అందుకు మా అనుమతి కూడా అక్కర్లేదు. అత్తయ్య నాలుగడుగులు వేసేదాకా ఆగుతాను. ఆగడమంటే దాచడం కాదు కదా.

నేను రాస్తున్న నవల పదమూడో అధ్యాయంలో ఆగిపోయింది. నాంచారమ్మ బందరులో ఓడెక్కి, పోర్టు ఆఫీసరు పిల్లల్ని సముద్రం మీద సాకుతూ లండన్ చేరింది. విక్టోరియా రాణి కాలపు లండన్. ఓడ మీద ఆయా, ఇంటికొచ్చాక పనిమనిషి. పొయ్యిల్లో బూడిద ఎత్తడం, మెట్లు తోమడం, దొరసాని మిసెస్ ఫెన్విక్ జుట్టు దువ్వడం. నిన్ను మళ్లీ బందరు చేరుస్తానని మాటిచ్చిన దొరసాని ఇప్పుడు ఆ మాట తప్పాలి. ఎలా తప్పుతుందో నాకు అందడం లేదు. నోరు తెరిస్తే నాటకాల్లో దుర్మార్గురాలిలా మాట్లాడుతోంది.

సెప్టెంబర్ 6, శుక్రవారం

శివకుమారికి సెలవు. వాళ్ల రాయచోటి మనిషే ఆయేషా అని ఉంది, ముఐథర్లో ఒక ఖతారీ ఇంట్లో పనిచేస్తుంది. ఇద్దరూ ఏషియన్ టౌన్‌కి వెళ్లారు. అత్తయ్యకి స్నానం నేను చేయించాను. నీళ్లు వేడి అన్నారు, తర్వాత చల్లగా ఉన్నాయన్నారు, సబ్బు కంట్లో పడిందన్నారు. సాయంత్రం దాకా వీధి తలుపు వైపే చూశారు.

ఇలాంటి మనిషిని వారం రోజులు నేనొక్కదాన్ని చూసుకోగలనా? అమర్‌కి ఈ సంగతులు అర్థం కావు.

సెప్టెంబర్ 11

మధ్యాహ్నం అత్తయ్య కాలికి నూనె రాస్తూ శివకుమారి కథ అడిగింది. ఇది మాకు అలవాటైపోయింది. నేను రాసినంత వరకు చెబుతాను, తను నూనె రాస్తూ వింటుంది, అత్తయ్య నిద్రపోతారు. దొరసాని మాట తప్పబోతోందని, ఆవిడ అసలు గుణం ఇప్పుడు బయటపడుతుందని చెప్పాను. శివకుమారికి నచ్చలేదు.

"అంత చెడ్డ మనిషైతే నాంచారమ్మ ఇన్నేండ్లు ఆ ఇంట్లో ఎందుకుంటాది మేడమ్? బాగానే చూసుకున్నింటాది. అందుకే ఉండింది."

మరి బాగా చూసుకున్న మనిషి ఎందుకు వదిలేస్తుందని అడిగాను.

"అది మీరు గదా చెప్పాల. పుస్తకం రాస్తాండేది మీరు," అని నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. ఇలా నవ్వుకునే యజమానురాలూ పనిమనిషీ మేముండే ఈ అబూ హమూర్ మొత్తంలో ఎంతమంది ఉంటారు? మిసెస్ ఫెన్విక్‌కీ నాకూ ఉన్న తేడా ఇదే అనుకున్నాను.

సెప్టెంబర్ 17

ఇవాళ జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, తర్వాత నాకే గందరగోళం లేకుండా.

పొద్దున అమర్ వెళ్లాక శివకుమారి వంటింట్లోకి వచ్చి, పని చెయ్యకుండా ఊరికే నిలబడింది. ఎప్పుడూ అలా నిలబడదు. ఆయేషా పనిచేసే ఇంటి పెద్దకూతురు పక్కనే వేరు కాపురం పెట్టిందట. వంటకి, డ్రైవర్ పనికి మొగుడూపెళ్లాలు ఇద్దరూ కావాలట. ఆయేషా శివకుమారి పేరు చెప్పిందట. శివకుమారి మొగుడు ఆదెప్ప రాయచోటిలో టిప్పర్ నడుపుతాడు. కొడుకు ఈ ఏడు పాలిటెక్నిక్ హాస్టల్లో చేరాడు, ఇంట్లో ఆదెప్ప ఒక్కడే వండుకుని తింటున్నాడు. ఈమె ముందు కువైట్, తర్వాత మా ఇల్లు. పెళ్లయ్యాక వాళ్లు విడిగా ఉన్న కాలమే ఎక్కువ. వీసా ఆ ఇంటివాళ్లే తీస్తారట. గది కూడా విడిగా ఇస్తారట.

ఇంత చెప్పి, "మీరు పొమ్మంటే పోతా మేడమ్. పెద్దమ్మ లేసి నడిచేదాంకా ఉండమంటే ఉంటా. ఇట్లాంటప్పుడు నడిమధ్యలో వదిలేసి పోయేది నాకూ బాగలేదు," అంది.

చెప్పడానికి అదే సమయం. నాకు తెలుసు. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. లోపల్నుంచి అత్తయ్య పిలిచారు, "శివా, నీళ్లు" అని.

నేనన్న మాటలు ఇవి: "ఇప్పుడు నువ్వెళితే ఆవిడ ఏమైపోతారు శివకుమారీ? కాస్త ఆగు. తర్వాత నేనే మంచి ఇల్లు చూసిపెడతాను. ఆదెప్పకి కూడా చూద్దాం."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. నిజంగానే చూసిపెడతాను. నాకు తెలిసినవాళ్లు ఎంతమంది లేరు?

తను తలూపి నీళ్లు తీసుకుని వెళ్లింది.

సెప్టెంబర్ 18

శివకుమారికి చెప్పావా అని అమర్ అడిగాడు. ఆ, అన్నాను. ఏదో ఒకటి చెప్పాను కదా.

సెప్టెంబర్ 20, శుక్రవారం

ముఐథర్ వెళ్లి వచ్చింది. కొన్నాళ్లు ఆగుతారేమోనని ఆ ఇంటివాళ్లని అడిగిందట. వాళ్లకి వెంటనే మనుషులు కావాలట. వద్దని చెప్పేసి వచ్చింది. ఇదంతా గడప దగ్గర చెప్పులు విప్పుతూ చెప్పింది, బజార్లో ఏదో దొరకలేదన్నట్టు.

తర్వాత తన గదిలో ఆదెప్పతో ఫోన్లో మాట్లాడుతుంటే వినిపించింది. మాటలు తెలియలేదు, గొంతు మాత్రం. ఎక్కువ ఆదెప్పే మాట్లాడినట్టున్నాడు.

నేను టీ పెట్టి ఇచ్చాను. తనకి అల్లం ఇష్టమని కాస్త ఎక్కువ వేశాను.

సెప్టెంబర్ 22

పొద్దున్నే కూర్చుంటే పదమూడో అధ్యాయం దానంతటదే వచ్చింది. నాలుగు పేజీలు, ఎక్కడా కొట్టివేత లేకుండా. మిసెస్ ఫెన్విక్ దుర్మార్గురాలు కాదు. ఆమె పిల్లలకి జ్వరం, మొగుడు ఊళ్లో లేడు. బందరు పంపడం లేదని ఇప్పుడు చెబితే నాంచారమ్మ మనసు పాడైపోతుంది, పిల్లల్ని సరిగ్గా చూడదు, పిల్లలు తేరుకున్నాక చెబితే ఇద్దరికీ మంచిది అనుకుంటుంది. పైగా ఎవరో ఒక పెద్దింటావిడతో మాట్లాడి నాంచారమ్మకి మంచి చోటే చూసిపెట్టాలనుకుంటుంది. దయ ఉన్న మనిషి. తన దయని తనే చూసి మురిసిపోయే మనిషి.

ఇన్నాళ్లకి ఆవిడకి ప్రాణం వచ్చింది. ఎక్కడ దొరికిందో నాకే తెలియదు. చాలా సంతోషంగా ఉంది. మధ్యాహ్నం శివకుమారికి వినిపిద్దామనుకున్నాను గానీ, ఎందుకో వినిపించలేదు.

అక్టోబర్ 1

అత్తయ్య ఇవాళ వాకర్ పట్టుకుని వీధి తలుపు దాకా నడిచారు. వెనకాల శివకుమారి చేతులు చాచి, పట్టుకోకుండా నడిచింది. తలుపు అందుకోగానే ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఇంక సాకు లేదు. రేపు చెబుతాను.

పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నాను. పాతవి వదిలించుకుంటున్నానని శివకుమారితో అన్నాను. పెద్ద పెట్టెలకి తనే టేపు వేసింది. సోఫా చూడ్డానికి వస్తామన్నవాళ్లని, తను కూరగాయలకి వెళ్లే టైముకి రమ్మన్నాను.

అక్టోబర్ 5, శనివారం

శివకుమారికి ఒక్కపొద్దు. పొద్దుట్నుంచీ ఏమీ తినని మనిషికి ఇలాంటి మాట ఎలా చెప్పను.

అక్టోబర్ 9

అత్తయ్య చెప్పేశారు.

మేం ఆవిడ మంచం పక్కనే నిలబడి టిక్కెట్ల గురించీ సామాను గురించీ ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో. నిద్రపోతున్నారనో, పట్టించుకోరనో అనుకున్నాం. మధ్యాహ్నం పెరుగన్నం తింటూ ఆవిడ, "కాకినాడలో వెనకవైపు గది ఖాళీగానే ఉంది. నువ్వూ మాతో వచ్చెయ్యి శివా," అన్నారట. ఆవిడ ప్రేమగా అన్నదే.

శివకుమారి కంచం తీసుకుని వంటింట్లోకి వచ్చింది. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. దాన్ని గట్టు మీద పెట్టి అడిగింది.

"మీరు కాకినాడకు పోతాండారంట. ఎప్పుడు తెలిసింది మేడమ్ మీకు?"

"మొన్ననే. ఖాయమయ్యాక చెబుదామని ఆగాను," అన్నాను.

ఇదైతే అబద్ధమే. రాస్తుంటే కనిపిస్తోంది.

తను మిగిలిన అన్నం తీసేసి కంచం కడిగింది. సాయంత్రం అమర్ వచ్చాక మంచినీళ్లు ఇస్తూ మామూలుగా అడిగింది, కంపెనీలో ఈ మాట ఎప్పుడు చెప్పారు సార్ అని. ఆగస్టు ఆఖర్లోనే అన్నారని ఆయన చెప్పి, "భరణి నీకు చెప్పిందిగా?" అన్నాడు.

నేను రెండడుగుల దూరంలో బట్టలు మడతపెడుతున్నాను. తను నా వైపు చూడలేదు.

"ఆ, చెప్పినారు సార్," అంది.

అక్టోబర్ 10

వంట చేసింది. ఇల్లు తుడిచింది. అత్తయ్య కాలికి నూనె రాసింది. కథ అడగలేదు.

అక్టోబర్ 12, శనివారం

ముఐథర్ వెళ్లాను. శివకుమారిని రమ్మంటే, మీరు పోవాలంటే పోయి రాండి మేడమ్ అంది. ఆయేషా చిరునామా మాత్రం ఫోన్లో పంపింది. శివకుమారికి కొత్త ఇల్లు చూడ్డానికని అమర్‌కి చెప్పాను. ఆయన నన్ను దింపి కార్లోనే కూర్చున్నాడు.

గేటు లోపల ఒకతను తెల్ల కారు తుడుస్తున్నాడు. నెల్లూరువైపు మనిషి, పేరు మస్తాన్. వచ్చి పది రోజులైందని, తన భార్య లోపల వంట చేస్తోందని తనే చెప్పాడు. నన్ను ఇంటివాళ్ల బంధువుననుకున్నాడో ఏమో, తలుపు దాకా తీసుకెళ్లాడు. వంటింటి కిటికీ దగ్గర ఆగి లోపలికి ఏదో అన్నాడు. లోపల్నుంచి ఆడగొంతు విసుక్కుంది. అతను నవ్వుకుంటూ మళ్లీ కారు దగ్గరికి వెళ్లాడు.

ఇంటావిడ, ఆ వేరు కాపురం పెట్టిన పెద్దకూతురు, వయసులో నాకన్నా చాలా చిన్నది. నన్ను మర్యాదగా కూర్చోబెట్టి గహ్వా కాఫీ పోయించింది, ఖర్జూరాలు పెట్టించింది. ఆవిడ అరబ్బీకీ నా తెలుగుకీ మధ్య, పక్కింటి నుంచి వచ్చిన ఆయేషా నిలబడింది. శివకుమారి ఇప్పుడు ఖాళీ అవుతుందని, మొగుడు మంచి డ్రైవరని చెప్పాను. ఇంటావిడ విని, జాలిగానే తల అడ్డంగా ఊపింది. మనుషులు దొరికారు, ఖలాస్. తర్వాత ఆయేషాతో ఏదో అంది. ఆయేషా నాకు చెప్పడానికి కాస్త తటపటాయించింది.

"మా మేడమ్ నన్ను వదల్లేదు, ఆమెకు నేను కావాల అని శివకుమారి చెప్పిందంట మేడమ్. ఆమంటే మీకు అంత ఇష్టమా అని అడుగుతాండాది."

అవునన్నాను. ఇంకేమనాలి? ఇంటావిడ సంతోషించి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

గేటు దాకా ఆయేషా వచ్చింది. ఇలాంటి ఇల్లు ఇంకోటి ఎక్కడైనా ఉంటే చూడమన్నాను.

"ఇద్దరినీ కలిపి తీసుకునే ఇల్లు ఎప్పుడో ఒకసారి దొరుకుతాది మేడమ్. దొరికింది గదా," అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

కార్లో అమర్ ఏమైందని అడిగాడు. ఖాళీ లేదట అన్నాను.

అక్టోబర్ 16

శివకుమారి అమర్‌ని అడిగింది. నన్ను కాదు. ముఐథర్లోనే ఇంకో ఇల్లు దొరికిందట, తనకొక్కదానికే. నోటీసు గడువు దాకా ఆగకుండా ముందే వదిలితే ఆ ఇంట్లో చేరిపోతానంది. అమర్ నా వైపు చూశాడు. తర్వాత సరే అన్నాడు, వీసా బదిలీకి ఏమేం చెయ్యాలో కనుక్కుని ఫోన్లో తనవంతు పూర్తిచేశాడు.

తను లోపలికి వెళ్లాక, "మనం వెళ్లేదాకా ఉంటుందనుకున్నాను. నువ్వు ముందే చెప్పావు కదా, అప్పుడేమంది?" అన్నాడు. తలనొప్పిగా ఉందని వెళ్లి పడుకున్నాను.

అక్టోబర్ 20

ఆ నాలుగు పేజీలూ మళ్లీ చదివాను. చెత్తగా ఉంటే చింపేసేదాన్ని. బాగున్నాయి. మిసెస్ ఫెన్విక్ ఎక్కడా ఒక్క తప్పుమాట కూడా మాట్లాడదు. ఇలాంటి ఆవిడ ఎక్కడ దొరికిందో అప్పుడు తెలియదని రాసుకున్నాను. తెలియకపోవడమేంటి?

నవలని అట్టపెట్టెలో పెట్టి టేపు వేశాను. కాకినాడ వెళ్లాక చూస్తాను. చూడకపోయినా నష్టం లేదు.

అక్టోబర్ 27

శివకుమారి వెళ్లిపోయింది. ఆయేషా వాళ్ల డ్రైవర్ వచ్చాడు. మేం దింపుతామంటే వద్దంది. బ్యాగ్ తనే మోసుకుంది. అత్తయ్య మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు, లేపొద్దంది. అత్తయ్య మందులు ఏవి ఎప్పుడో, ఏ వైపు తిరిగి పడుకుంటే నొప్పి ఉండదో నాకు నిదానంగా చెప్పింది, కొత్తగా పనిలో చేరినవాళ్లకి చెప్పినట్టు.

నేను ఒక చీర కొన్నాను, ఇద్దామని. ఇవ్వలేకపోయాను. అల్మరాలోనే ఉంది.

అక్టోబర్ 28

అత్తయ్య ఉదయం తినలేదు. మధ్యాహ్నం రెండు ముద్దలు.

అక్టోబర్ 31

లేపేటప్పుడు ఆవిడ బరువంతా నా నడుం మీద పడింది. ఇద్దరం మంచం మీద కూలబడ్డాం. దెబ్బ ఏమీ తగల్లేదు. ఆవిడ ఏడ్చారు. ఆవిడ పక్కనే కూర్చుని నేనూ ఏడ్చాను. ఆవిడ ఏడ్చింది నొప్పికో, శివకుమారి కోసమో అడగలేదు.

నవంబర్ 8, శుక్రవారం

పొద్దున కాలింగ్ బెల్ మోగితే కార్గో వాళ్లనుకున్నాను. శివకుమారి. ముందు ఫోన్ కూడా చెయ్యలేదు. పెద్దమ్మను చూసి పోదామని వచ్చినా అంది.

అత్తయ్య గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. తలంటి పోసింది, నూనె రాసింది, జడ వేసింది. బయట హాల్లో పెట్టెల మధ్య కూర్చుని నేను వింటూ ఉన్నాను. కొత్త ఇంట్లో ముసలాయనకి చెవుడట, ఆయన అరిస్తే ఈమె కూడా అరుస్తుందట. అత్తయ్య నవ్వు వినిపించింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే నేను గడప దగ్గరికి వెళ్లాను. ఏమనాలో ముందే ఎన్నో అనుకున్నాను. నా మీద కోపంగా ఉందా అని మాత్రం అడిగాను.

"కోపమేం లేదు మేడమ్," అంది. తర్వాత ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా ఆగింది. "ఆపొద్దు మీరు నిజం చెప్పి, మేం పోయేదాంకా ఉండవా శివకుమారీ అని అడిగింటే, నేను ఉండేదాన్ని. పెద్దమ్మ కోసం. ఆదెప్పకు నేనే నచ్చజెప్పుకుండేదాన్ని. తెలిసి వదులుకుండేదాన్ని. మీరు అడక్కపోతిరి."

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. కాకినాడ నుంచి ఫోన్ చెయ్యొచ్చా అని అడిగాను.

"పెద్దమ్మకు నేనే చేస్తాలే మేడమ్," అని రెండో చెప్పు వేసుకుని వెళ్లిపోయింది. గేటు తనే మూసింది.

గదిలోకి వెళితే అత్తయ్య జడ ముందుకి వేసుకుని దిండుకి ఆనుకుని కూర్చున్నారు. శివ మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగారు. రాదని చెప్పాను. ఎవరేమన్నారు ఆ పిల్లని అన్నారు.

కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. సెప్టెంబర్ నుంచీ దాచానని, ముఐథర్ ఇల్లు సంగతి వచ్చినప్పుడు కూడా నోరు మెదపలేదని, మొగుడితో కలిసి ఉండే దారి తనకి నా వల్లే పోయిందని చెప్పాను. మీ కోసమే అని మొదలుపెట్టబోయి, ఆ మాట మింగేశాను. ఆవిడ చివరిదాకా విన్నారు. అయ్యాక జడ వెనక్కి వేసుకున్నారు.

"అమర్‌కి తెలుసా?" అన్నారు.

"సగం."

"నాకు చెప్పినట్టే వాడికీ చెప్పు."

అమర్ సామాను లెక్క తేల్చడానికి కార్గో ఆఫీసుకి వెళ్లాడు. ఇంటికి రాగానే చెబుతాను అని ఇక్కడ రాసి, ఆ వాక్యం కొట్టేశాను. ఇప్పుడే ఫోన్ చేసి, ఒక్కసారి బయటికొచ్చి విను అన్నాను. సగం చెప్పేసరికి అటునుంచి అలికిడి లేదు. లైన్ కట్టయిందేమోనని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. కట్టవలేదు. మిగతాది కూడా చెప్పాను.